ఒక్క సిలిండర్ మొరాయిస్తే: పికప్ బండి ‘మిస్సింగ్’ వెనుక ఉన్న సైన్సు

తెల్లవారుజామున మూడు గంటలు. టమాటా పెట్టెలతో నిండిన ఒక చిన్న పికప్ ట్రక్కు ఘాట్ రోడ్డు ఎక్కుతోంది. వేలం మొదలయ్యేలోగా మార్కెట్‌కు చేరాలి. ఆలస్యమైతే మంచి ధర చేజారిపోతుంది. రెండో మలుపు దాటగానే బండి వణకడం మొదలైంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా లాగడం లేదు. సైలెన్సర్ నుంచి ఆగి ఆగి ‘టప్ టప్’మన్న శబ్దం. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు దీపం వెలిగి ఆరుతోంది. డ్రైవర్ సీఎన్‌జీ ఆపి పెట్రోల్‌కు మార్చాడు. వణుకు తగ్గింది. బండి ఎలాగో కొండ ఎక్కింది.

మర్నాడు షెడ్డు దగ్గర తలా ఒక మాట అన్నారు. గ్యాస్ కిట్ పోయిందని ఒకరు, ఇంజెక్టర్లు మార్చాలని మరొకరు, ఇంజిన్ దించక తప్పదని ఇంకొకరు. ఈ మూడింటికీ అయ్యే ఖర్చుల్లో చాలా తేడా ఉంది. పైగా బండి షెడ్డులో ఉన్నన్ని రోజులూ కిరాయి ఉండదు, నెల వాయిదా మాత్రం ఆగదు.

ఇది ఉదాహరణ కోసం అల్లిన సన్నివేశమే. అయినా సరుకు బండి నడిపేవారిలో చాలామందికి ఇలాంటి రాత్రి ఏదో ఒకటి గుర్తుండే ఉంటుంది. మెకానిక్‌లు ‘మిస్సింగ్’ అని పిలిచే ఈ లోపం అసలు ఏమిటి? ఎక్కడ పుడుతుంది? విడిభాగాలు ఒకదాని తరువాత ఒకటి మార్చుకుంటూ పోకుండా దాన్ని పట్టుకోవడం ఎలా?

నిమిషానికి ఆరు వేల మంటలు

పెట్రోల్‌తోనో సీఎన్‌జీతోనో నడిచే బండి ఇంజిన్‌లో ప్రతి సిలిండర్ నాలుగు పనులు వరసగా చేస్తుంది. గాలి, ఇంధనం కలిసిన మిశ్రమాన్ని లోపలికి పీలుస్తుంది. దాన్ని గట్టిగా నొక్కుతుంది. నిప్పురవ్వతో మండించి, ఆ పేలుడు బలంతో పిస్టన్‌ను కిందికి తోస్తుంది. చివరికి కాలిన వాయువులను బయటకు నెడుతుంది. జర్మనీకి చెందిన నికోలస్ ఒట్టో 1876లో నిర్మించిన ఇంజిన్ ఈ క్రమంలోనే పనిచేసింది. నేటికీ ఆ సూత్రం మారలేదు.

ఈ నాలుగు పనులు పూర్తయ్యేసరికి క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరుగుతుంది. అంటే ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండర్‌లో నిమిషానికి 1,500 సార్లు మంట అంటుకోవాలి. నాలుగు సిలిండర్లకూ కలిపితే నిమిషానికి 6,000, సెకనుకు 100. ప్రతి 10 మిల్లీసెకన్లకు ఒక తోపు అన్నమాట.

ఈ తోపులు సమాన వ్యవధిలో పడుతున్నంతసేపూ ఇంజిన్ నున్నగా తిరుగుతుంది. ఒక సిలిండర్‌లో మిశ్రమం అంటుకోకపోయినా, సగమే కాలినా ఆ తోపు లోపిస్తుంది. అదే మిస్సింగ్. నలుగురు మోసే పల్లకీలో ఒకరు అడుగు తప్పితే కుదుపు అందరికీ తగిలినట్టు, లోపం ఒక సిలిండర్‌దే అయినా వణుకు బండి మొత్తానికి వస్తుంది.

మంటకు కావలసినవి మూడే

సిలిండర్‌లో మంట అంటుకోవాలంటే మూడు షరతులు నెరవేరాలి. సరైన సమయంలో బలమైన నిప్పురవ్వ పడాలి. గాలి, ఇంధనం తగిన పాళ్లలో కలవాలి. ఆ మిశ్రమం బాగా నొక్కుకుపోవాలి. మిస్సింగ్‌కు కారణాలు పదుల సంఖ్యలో ఉన్నా, అవన్నీ చివరికి ఈ మూడింటిలో ఏదో ఒక దానికిందికి వస్తాయి.

ఒక కిలో పెట్రోల్ పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. సీఎన్‌జీలో ప్రధానంగా ఉండే మీథేన్‌కు సుమారు 17 కిలోలు కావాలి. ఈ పాళ్లు కొంత అటూఇటూ అయినా మంట అంటుకుంటుంది. గాలి మరీ ఎక్కువైతే, ఇంధనం మరీ పలచబడి రవ్వ పడినా మంట పాకదు. ఇంధనం మరీ ఎక్కువైనా అదే గతి.

లోపాన్ని వెతికేవారు ముందుగా ఆలోచించవలసిన సంగతి ఒకటుంది. ఇంజిన్‌లోని భాగాలు రెండు రకాలు. పెట్రోల్ పంపు, ఫిల్టర్, గ్యాస్ పీడనాన్ని తగ్గించే రెగ్యులేటర్, ఎయిర్ ఫిల్టర్ వంటివి నాలుగు సిలిండర్లకూ ఉమ్మడివి. స్పార్క్ ప్లగ్, ఇంజెక్టర్, వాల్వులు, పిస్టన్ రింగులు మాత్రం ఏ సిలిండర్‌వి ఆ సిలిండర్‌కే. ఇప్పటి చాలా బండ్లలో ఇగ్నిషన్ కాయిల్ కూడా అంతే. ఒకే సిలిండర్ మొరాయిస్తుంటే ఉమ్మడి భాగాలను అనుమానించాల్సిన అవసరం చాలావరకు తీరిపోతుంది. పంపు నిజంగా బలహీనపడి ఉంటే ఆ కొరత అన్ని సిలిండర్లలోనూ కనిపించాలి కదా.

కొండ ఎక్కేటప్పుడే ఎందుకు?

షెడ్డులో నిలబెట్టి స్టార్ట్ చేస్తే ఇంజిన్ చక్కగా తిరుగుతుంది. లోడుతో ఎత్తు ఎక్కితే మిస్ అవుతుంది. ‘ఇక్కడ బాగానే ఉంది కదా’ అని మెకానిక్, ‘అక్కడ రావడం లేదు’ అని డ్రైవర్ వాదించుకునేది ఇందుకే. ఇద్దరి మాటా నిజమే. దానికి జవాబు భౌతికశాస్త్రంలో ఉంది.

బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. ప్లగ్ మొనల మధ్య ఉండే చిన్న సందును విద్యుత్తు దాటాలంటే వేల వోల్టులు కావాలి. ఆ పని ఇగ్నిషన్ కాయిల్ చేస్తుంది. దాని లోపల ఇనుప కోర్ చుట్టూ రెండు తీగచుట్టలు ఉంటాయి. తక్కువ చుట్లున్న దాంట్లో పారే కరెంటును ఒక్కసారిగా ఆపితే, ఎక్కువ చుట్లున్న రెండో దాంట్లో 20 వేల నుంచి 40 వేల వోల్టుల దాకా పుట్టగలదు. మైకేల్ ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణే దీనికి ఆధారం.

ఆ వోల్టేజిలో రవ్వకు నిజంగా ఎంత కావాలన్నది సిలిండర్ లోపలి పరిస్థితిని బట్టి మారుతుంది. వాయువు గుండా రవ్వ దూకడానికి అవసరమయ్యే వోల్టేజి, ఆ వాయువు పీడనం మీద, దాటవలసిన దూరం మీద ఆధారపడుతుందని జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ పాషెన్ 1889లో చూపించాడు. ఇంజిన్‌లో ఉండే పరిస్థితుల్లో పీడనం పెరిగితే కావలసిన వోల్టేజి పెరుగుతుంది. దూరం పెరిగినా అంతే.

ఇప్పుడు ఘాట్ రోడ్డును చూడాలి. ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది. సిలిండర్‌లోకి కొంచెమే గాలి వెళ్తుంది, నొక్కినా పీడనం అంతగా పెరగదు. తక్కువ వోల్టేజితోనే రవ్వ దూకుతుంది. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతారు. సిలిండర్ నిండా గాలి చేరుతుంది, పీడనం కొన్ని రెట్లు అవుతుంది. రవ్వకు కావలసిన వోల్టేజీ దానితోపాటు పెరుగుతుంది. ప్లగ్ కొత్తదైతే ఇబ్బంది లేదు. వేల కిలోమీటర్లు తిరిగిన ప్లగ్‌లో మొనలు అరిగి గుండ్రబడతాయి, వాటి మధ్య సందు పెరుగుతుంది. పదునైన అంచు నుంచి రవ్వ తేలిగ్గా దూకుతుంది, గుండ్రబడిన దాని నుంచి కష్టంగా దూకుతుంది. ఒక దశలో ప్లగ్ అడిగే వోల్టేజి కాయిల్ శక్తిని మించిపోతుంది. లేదా ప్లగ్ పింగాణీలోని సన్నని పగులు, రబ్బరు బూటులోని చిల్లు దొరికితే ఆ సులువైన దారిలో విద్యుత్తు ఇంజిన్ లోహంలోకి జారిపోతుంది. సిలిండర్ లోపల మాత్రం రవ్వ పడదు.

మిస్సింగ్ ఎప్పుడు వస్తోందన్న సమాచారం విలువైనదన్నది అందుకే. లోడు మీద మాత్రమే వస్తే ముందు నిప్పురవ్వను, తరువాత ఇంధన పీడనాన్ని అనుమానించాలి. ఊరికే తిరుగుతున్నప్పుడు వచ్చి, వేగం పెరిగితే తగ్గిపోతే గాలి గొట్టాల్లో ఎక్కడో లీకు ఉండవచ్చు. వాన పడినప్పుడే వస్తే తడి చేరుతున్న కాయిల్, బూటు చూడాలి. ఇంజిన్ వేడెక్కాకే వస్తే కాయిల్ లోపలి తీగచుట్టనూ వాల్వుల సందునూ పరిశీలించాలి. డీజిలో పెట్రోలో కొట్టించిన కాసేపటికే మొదలైతే ఆ ఇంధనాన్ని పరీక్షించాలి. డ్రైవర్ చెప్పే ఈ వివరాలు ఏ స్కానర్‌కూ తీసిపోవు.

కంప్యూటర్ ఎలా పసిగడుతుంది?

మిస్సింగ్ జరిగిందని డ్యాష్‌బోర్డు మీది దీపానికి ఎలా తెలిసింది? సిలిండర్ లోపల కెమెరా ఏమీ లేదు. క్రాంక్ షాఫ్ట్‌కు పళ్లున్న ఒక చక్రం ఉంటుంది. చాలా ఇంజిన్లలో 60 పళ్లకు స్థలం ఉంచి, రెండు పళ్లు తీసేసి 58 ఉంచుతారు. ఒక పన్నుకూ తరువాతి పన్నుకూ మధ్య 6 డిగ్రీలు. ఆ రెండు పళ్ల ఖాళీ ద్వారా చక్రం ఏ స్థానంలో ఉందో కంప్యూటర్ గుర్తిస్తుంది. పక్కనే ఉన్న సెన్సర్ ఒక్కో పన్ను దాటడానికి పట్టే కాలాన్ని కొలుస్తుంది.

సిలిండర్‌లో మంట సరిగ్గా అంటుకుంటే ఆ తోపుకు చక్రం కాస్త వేగం పుంజుకుంటుంది. అంటుకోకపోతే ఆ ముక్కలో నెమ్మదిస్తుంది. తేడా చాలా చిన్నది. కంప్యూటర్ మాత్రం దాన్ని పట్టేస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో ఎక్కువగా మంట 1-3-4-2 అన్న వరసలో అంటుకుంటుంది. కాబట్టి ఏ ముక్కలో చక్రం తడబడిందో చూస్తే ఏ సిలిండర్ తప్పిందో తెలిసిపోతుంది.

గుంతల రోడ్డు మీద ఈ లెక్క తప్పే ప్రమాదం ఉంది. చక్రాలకు తగిలే కుదుపు గేర్ల ద్వారా క్రాంక్ షాఫ్ట్ దాకా వచ్చి మిస్సింగ్‌లా కనిపించవచ్చు. అందుకే చాలా బండ్లలో కంప్యూటర్ బ్రేకు వ్యవస్థలోని చక్రాల వేగం సెన్సర్లను కూడా గమనించి, రోడ్డు వల్ల వచ్చిన కుదుపులను లెక్కలోంచి తీసేస్తుంది.

దేశమంతటా 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. పొగను ప్రభావితం చేసే లోపాలను బండి తనంతట తానే కనిపెట్టి చెప్పడం ఆ ప్రమాణాల్లో భాగం. స్కానర్ తగిలిస్తే కోడు కనిపిస్తుంది. పి0300 అంటే ఏ ఒక్క సిలిండర్‌కో పరిమితం కాని మిస్సింగ్. పి0301 నుంచి పి0304 దాకా ఉన్నవి వరసగా ఒకటో సిలిండర్ నుంచి నాలుగో సిలిండర్ దాకా సూచిస్తాయి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, దీపం ఆర్పడానికి బ్యాటరీ టెర్మినల్ తీసి పెట్టడం. దీపం ఆరుతుంది. దానితోపాటు సాక్ష్యం కూడా చెరిగిపోతుంది. కోడు నమోదైన క్షణంలో ఇంజిన్ వేగం, లోడు, ఉష్ణోగ్రత ఎంతున్నాయో కంప్యూటర్ దాచి ఉంచుతుంది. ఏదైనా చెరిపే ముందు వాటిని రాసిపెట్టుకోవాలి.

కోడు చిరునామా మాత్రమే చెబుతుంది

టమాటా బండికి స్కానర్ పెడితే పి0303 అని వచ్చిందనుకుందాం. మూడో సిలిండర్‌లో మంట తప్పుతోందని దాని అర్థం. ఎందుకు తప్పుతోందో కోడు చెప్పదు. చాలాచోట్ల ఇక్కడే డబ్బు వృథా అవుతుంది. కోడు చూడగానే కాయిల్ మారుస్తారు. తగ్గకపోతే ప్లగ్, అదీ కాకపోతే ఇంజెక్టర్. ఒకేసారి మూడూ మార్చేస్తే లోపం పోవచ్చు. దేనివల్ల పోయిందో మాత్రం ఎప్పటికీ తెలియదు.

ఇంతకన్నా మేలైన, ఖర్చులేని పద్ధతి ఒకటుంది. కొత్త భాగం కొనకుండా, బండిలో ఉన్న భాగాలనే ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చి చూడడం. షరతు ఒక్కటే: ఒకసారికి ఒక్క భాగాన్నే మార్చాలి.

ముందుగా మూడో సిలిండర్ కాయిల్‌ను రెండో సిలిండర్‌కు, రెండోదాన్ని మూడో దానికి పెట్టారు. కోడు చెరిపి, అదే ఘాట్ మీద, అంతే లోడుతో నడిపారు. కోడు పి0302గా మారితే దోషం కాయిల్‌దే, ఎందుకంటే అది వెళ్లిన చోటికే లోపమూ వెళ్లింది. ఈ బండిలో కోడు మారలేదు, మళ్లీ పి0303 వచ్చింది. కాయిల్ నిర్దోషి. ఇప్పుడు మూడో సిలిండర్ ప్లగ్‌ను ఒకటో సిలిండర్‌కు మార్చారు. ఈసారి స్కానర్‌లో పి0301 కనిపించింది. లోపం ప్లగ్ వెంటే నడిచింది. బయటికి తీసి చూస్తే మొనల సందు ఉండవలసినదానికంటే బాగా పెరిగి ఉంది, తెల్లని పింగాణీ మీద వెంట్రుకంత నల్లని గీత ఉంది. విద్యుత్తు జారిపోయిన దారి అదే.

ఒకే కాయిల్ రెండు సిలిండర్లకు రవ్వ ఇచ్చే బండ్లూ ఉన్నాయి. వాటిలో సాధారణంగా 1, 4 ఒక జత, 2, 3 ఒక జత. ఒక జతలోని రెండు సిలిండర్లూ కలిసి తప్పుతుంటే ఆ కాయిల్‌ను అనుమానించాలి.

గ్యాస్ కిట్‌దే తప్పా?

పెట్రోల్‌కు మార్చగానే వణుకు తగ్గింది కాబట్టి లోపం గ్యాస్ కిట్‌లోనే ఉండాలని షెడ్డులో ఒకరు అన్నారు. వినడానికి సబబుగానే ఉంది. అయినా అది తప్పు. ఎలా?

సీఎన్‌జీ మిశ్రమంలో రవ్వ దూకడానికి పెట్రోల్ మిశ్రమంలో కంటే ఎక్కువ వోల్టేజి అవసరమవుతుంది. అరిగిన ప్లగ్, బలహీనపడ్డ కాయిల్ పెట్రోల్ మీద ఎలాగో నెట్టుకొస్తాయి, గ్యాస్ మీద చేతులెత్తేస్తాయి. అందుకే గ్యాస్ మీద మాత్రమే మిస్సింగ్ వస్తే గ్యాస్ కిట్ విప్పే ముందు ప్లగ్‌లు చూడాలి. గ్యాస్‌తో నడిచే బండ్లకు కంపెనీ చెప్పిన ప్లగ్ రకాన్ని, సందును, మార్చవలసిన గడువును కచ్చితంగా పాటించవలసింది కూడా ఇందుకే. పైగా కోడు ఒక్క మూడో సిలిండర్‌నే చూపించింది. నాలుగింటికీ ఉమ్మడిగా ఉండే రెగ్యులేటర్ పాడైతే ఒక్కటే తప్పడం కుదరదు. మిగిలిన అనుమానం ఆ సిలిండర్‌కు చెందిన గ్యాస్ ఇంజెక్టర్ ఒక్కటే.

గ్యాస్ వ్యవస్థను విప్పవలసి వస్తే అనుమతి ఉన్న కేంద్రంలోనే చేయించాలి. నిండు సీఎన్‌జీ సిలిండర్‌లో పీడనం సుమారు 200 బార్లు ఉంటుంది. గ్యాస్ వాసన వస్తున్న చోట రవ్వ పరీక్షలు చేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

రవ్వ బాగుంటే: గాలి, ఇంధనం

ప్లగ్, కాయిల్ రెండూ బాగున్నప్పుడు వెతుకులాట ఇంధనం వైపు మళ్లాలి. బయటికి తీసిన ప్లగ్ రంగు ఇక్కడ చాలా చెబుతుంది. మొన లేత గోధుమ రంగులో ఉంటే మంట సరిగ్గా ఉన్నట్టు. పొడి మసి పట్టి ఉంటే ఇంధనం ఎక్కువవుతోంది. నల్లగా జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిల్ లోపలికి వస్తోంది. తెల్లగా పాలిపోయి, బొబ్బలెక్కినట్టు ఉంటే ఇంధనం పలచబడి వేడి పెరుగుతోంది.

థ్రాటిల్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉన్న రబ్బరు గొట్టం పగిలితే లెక్కలోకి రాని గాలి లోపలికి చొరబడుతుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు అసలు వెళ్లే గాలే తక్కువ కాబట్టి ఈ దొంగ గాలి వాటా పెద్దది, మిస్సింగ్ స్పష్టంగా తెలుస్తుంది. వేగం పెరిగితే దాని వాటా తగ్గి లోపం దాక్కుంటుంది.

సెన్సర్ మాటను గుడ్డిగా నమ్మితే ఇక్కడ మోసపోవచ్చు. పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ కొలిచేది ఇంధనాన్ని కాదు, మిగిలిన ఆక్సిజన్‌ను. సిలిండర్‌లో మంట అంటుకోకపోతే అందులోని గాలి అలాగే బయటకు వస్తుంది. సెన్సర్ దాన్ని చూసి ‘ఇంధనం తక్కువైంది’ అనుకుంటుంది. కంప్యూటర్ ఇంకాస్త ఇంధనం పోస్తుంది. అసలు లోపం నిప్పురవ్వలో ఉంటే స్కానర్ మాత్రం ఇంధనం కొరతను చూపిస్తుంది.

ఇంధనంలో నీరు కలిసినా మిస్సింగ్ వస్తుంది. దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ 2023 నుంచి అందుబాటులోకి వచ్చింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. కొద్దిపాటి తేమను తనలో కలుపుకోగలదు. ట్యాంకులోకి నీరు ఎక్కువగా చేరితే నీరు, ఇథనాల్ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. పంపు పీల్చేది ఆ అడుగు నుంచే. అప్పుడు ఏదో ఒక సిలిండర్ కాదు, అన్నీ తడబడతాయి. వానాకాలంలో ట్యాంకు మూత రబ్బరు బాగుందో లేదో చూసుకోవడం చిన్న పనే అయినా మేలు చేస్తుంది.

నొక్కుడు తగ్గితే

రవ్వ, ఇంధనం రెండూ సరిగ్గా ఉన్నా సిలిండర్ పలకకపోతే కంప్రెషన్ కొలవాలి. ప్లగ్ స్థానంలో గేజ్ బిగించి, ఇంధనాన్ని, రవ్వను ఆపి, స్టార్టర్‌తో ఇంజిన్ తిప్పుతారు. పెట్రోల్ ఇంజిన్లలో సాధారణంగా 10 నుంచి 14 బార్ల దాకా వస్తుంది. కచ్చితమైన అంకె బండి మాన్యువల్‌లో ఉంటుంది. అంకె ఎంతన్నది ఎంత ముఖ్యమో, నాలుగు సిలిండర్లూ దాదాపు సమానంగా ఉండడం కూడా అంతే ముఖ్యం.

ఒక సిలిండర్‌లో తక్కువగా వస్తే ప్లగ్ రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. అంకె బాగా పెరిగితే అరిగిన పిస్టన్ రింగుల పక్కనుంచి గాలి జారిపోతున్నట్టు, ఆయిల్ ఆ సందును కాసేపు మూసింది. పెరగకపోతే వాల్వులు సరిగ్గా మూసుకోవడం లేదు. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లలో తగ్గితే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. రేడియేటర్‌లో నీరు తగ్గుతూ, పొగ తెల్లగా వస్తుంటే ఆ అనుమానం బలపడుతుంది.

గ్యాస్‌తో నడిచే బండ్లలో వాల్వుల మీద ప్రత్యేకంగా కన్నేయాలి. పొడి గ్యాస్ మీద నడిచినప్పుడు వాల్వు కూర్చునే అంచు క్రమంగా అరగవచ్చు. అరిగేకొద్దీ వాల్వు లోపలికి దిగి, దాని పైన ఉండవలసిన సందు తగ్గిపోతుంది. వేడికి లోహం వ్యాకోచించాక వాల్వు పూర్తిగా మూసుకోదు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక మిస్సయ్యే ఇంజిన్లలో కొన్నింటి కథ ఇదే. చెప్పిన గడువుకు టాపెట్ సందు సరిచేయిస్తే ఇంజిన్ దించే పని తప్పుతుంది.

డీజిల్ బండి సంగతి వేరు

డీజిల్ పికప్‌లలో స్పార్క్ ప్లగ్ ఉండదు. గట్టిగా నొక్కిన గాలి వేడికే ఇంధనం అంటుకుంటుంది. అందువల్ల అక్కడ అనుమానాలు వేరు: ఇంజెక్టర్, ఇంధన గొట్టాల్లో చేరిన గాలి, మూసుకుపోయిన ఫిల్టర్, కంప్రెషన్. చలి ఉదయాల్లో మాత్రమే తడబడితే గ్లో ప్లగ్‌లు.

పాత డీజిల్ బండ్లలో ఇంజెక్టర్ గొట్టం నట్టు కాస్త వదులు చేసి ఏ సిలిండర్ పలకడం లేదో చూసే అలవాటు ఉంది. ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్లలో ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. అక్కడి పీడనం 1,600 బార్లు దాటవచ్చు. సన్నని ధారగా చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లవలసిన ప్రమాదం అది. పెట్రోల్ బండ్లలోనూ నడుస్తున్న ఇంజిన్ నుంచి ప్లగ్ వైరు చేత్తో లాగి చూడడం మానుకోవాలి. షాక్ కొడుతుంది, కాయిల్ కూడా దెబ్బతినవచ్చు.

మిణుకుమనే దీపం చెప్పేది

మిస్సవుతున్నా బండి కదులుతోంది కదా అని నడిపేవారు చాలామంది. దాని అసలు ఖర్చు పొగ గొట్టంలో ఉంటుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ లోపల తేనెపట్టులాంటి పింగాణీ గూళ్ల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి విలువైన లోహాల పలచని పూత ఉంటుంది. విష వాయువులను తక్కువ హానికరమైన వాటిగా మార్చేది అదే. మంట అంటుకోని సిలిండర్ నుంచి కాలని ఇంధనం, గాలి రెండూ నేరుగా అక్కడికి చేరి అక్కడ మండుతాయి. ఉష్ణోగ్రత 1,000 డిగ్రీల సెల్సియస్ దాటిపోవచ్చు. పూతలోని లోహ కణాలు ఒకదానికొకటి అతుక్కుపోయి పనిచేయడం మానేస్తాయి. మరీ ముదిరితే గూళ్లు కరిగి పొగదారే మూసుకుపోతుంది.

పసుపు దీపం నిలకడగా వెలగడానికీ, వెలిగి ఆరడానికీ తేడా ఇదే. నిలకడగా వెలిగితే త్వరలో చూపించాలి. మిణుకుమంటుంటే కన్వర్టర్ దెబ్బతినేంత మిస్సింగ్ జరుగుతోందని అర్థం. యాక్సిలరేటర్ వదిలి, వేగం తగ్గించి, వీలైనంత త్వరగా సురక్షితమైన చోట ఆపాలి. ఎండుగడ్డి మీద మాత్రం ఆపకూడదు, బండి అడుగున ఉన్న వేడికి అది అంటుకోవచ్చు. ప్లగ్ ఖరీదు వందల్లో ఉంటే కన్వర్టర్ ఖరీదు వేలల్లో ఉంటుంది. ఈలోగా కాలని ఇంధనం ఊరి గాలిలో కలుస్తూనే ఉంటుంది.

మరమ్మతు పూర్తయిందని ఎప్పుడు అనుకోవాలి?

టమాటా బండికి నాలుగు ప్లగ్‌లూ మార్చారు. ఒకటి అరిగిందంటే అంతే దూరం తిరిగిన మిగతావీ ఆ దారిలోనే ఉంటాయి కాబట్టి అన్నిటినీ కలిపి మార్చడమే మేలు. ఇంజిన్ చల్లారాకే పాతవి తీయాలి, వేడి మీద తీస్తే అల్యూమినియం హెడ్‌లోని మరలు పాడవుతాయి. కొత్తవాటి సందు కొలిచి, ముందు చేత్తో తిప్పి, చివరికి మాన్యువల్ చెప్పినంత బలంతోనే బిగించాలి. బూటు లోపల నల్లని గీతలుంటే దాన్నీ మార్చాలి, లేకపోతే కొత్త ప్లగ్ మీద కూడా విద్యుత్తు అదే దారి వెతుక్కుంటుంది.

ఆ తరువాత పరీక్ష. షెడ్డు ముందు ఐదు నిమిషాలు తిప్పితే చాలదు. లోపం ఎక్కడ, ఏ లోడుతో, ఏ ఇంధనం మీద కనిపించిందో అదే పరిస్థితిలో మళ్లీ నడపాలి. అక్కడ కోడు తిరిగి రాకపోతేనే పని పూర్తయినట్టు.

పెద్ద ప్రయోగశాలల్లో జరిగే పనికీ ఈ షెడ్డులో జరిగిన పనికీ పద్ధతిలో తేడా లేదు. గమనించారు, ఒక ఊహ చేశారు, ఒకసారికి ఒక్కటే మార్చి చూశారు, తప్పని తేలిన ఊహను వదిలేశారు. గ్యాస్ కిట్ విప్పలేదు, ఇంజిన్ దించలేదు. రెండు రాత్రుల పరీక్షకు పట్టిన ఓపిక, నాలుగు ప్లగ్‌ల ఖర్చు, అంతే. మూడో రాత్రి బండి మళ్లీ గ్యాస్ మీదే ఘాట్ ఎక్కింది. వేలం మొదలయ్యేసరికి పెట్టెలు మార్కెట్‌లో ఉన్నాయి.